రాత్రికి రాత్రి విప్పిన కుట్లు



కొన్నేళ్లుగా మన ఎరుకలో ఉన్న ప్రవాస తెలుగు సంఘాలలో ఒక మంచి అలవాటు కనబడుతోంది. సంఘ వార్షికోత్సవానికో, మందిర ప్రతిష్ఠకో బజారులో బ్యానరు అచ్చు వేయించి కట్టేయకుండా, పెద్దవాళ్లు పదిమంది కూడి ఏదో ఒకటి తమ చేతులతో చేసి ఇస్తున్నారు. ఒకచోట స్త్రీల సమాజం వారు పాత చీరల ముక్కలు కలిపి గోడకు వేలాడదీసే తెర కుట్టారు. మరొకచోట పురుషులు కూడా చేరి వెదురుబద్దలతో, రంగు కాగితాలతో నిలువెత్తు క్రిస్మస్ నక్షత్రం కట్టారు. ఇందులో చేరినవారు చిత్రకారులు కారు, దర్జీలు కారు. రైల్వేలో రిటైరైనవారు, మగ్గం పనివారు, నర్సులు, ఇల్లు చూసుకునే తల్లులు. బడి విడిచిన తరువాత రంగు పెన్సిలు ముట్టనివారే ఎక్కువ.

ఇట్టి పనిలో ఒక ప్రశ్న ఎక్కడైనా పుట్టక తప్పదు. పదిమంది కలిసి చేసేదానిలో ఒకరి పని బాగా రాలేదు. దానిని అలాగే ఉంచాలా, పనితనం తెలిసినవారు సరిచేయాలా? సరిచేసేటట్లయితే ఆ మనిషికి చెప్పి చేయాలా, చెప్పకుండానా? పైకి ఇది కుట్లు అల్లికల ప్రశ్నలాగా ఉంటుంది. ఆలోచించిన కొద్దీ మాకు ఇది సత్యమును గూర్చిన ప్రశ్న అనిపించింది.

కర్ణాటకలోని ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాము. అక్కడ ముప్పయ్యారు కుటుంబాలు, కుటుంబానికొక అడుగు చదరం చొప్పున గుడ్డ మీద ఏదైనా బొమ్మ కుట్టి ఇవ్వాలని, అన్నీ కలిపి ఒక తెర చేయాలని తీర్మానించుకున్నారు. డెబ్బై దాటిన ఒక తల్లి తన అత్తగారి చీర చెంగు ముక్క తీసి దాని మీద గోధుమ కంకి కుట్టింది. గొలుసుకుట్టు ఒకచోట బిగువు, ఒకచోట వదులు. కంకి పక్కకు ఒరిగింది. ప్రతిష్ఠకు ముందు రాత్రి ఇద్దరు సహోదరీలు, మంచి పనిమంతులు, ఆ కుట్లు విప్పేసి అదే గుడ్డ మీద నిటారుగా మరో కంకి కుట్టి పెట్టారు. మరునాడు పాస్టరుగారు ఆ తల్లి పేరు చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె దగ్గరకు వెళ్లి చూసుకుని, ఏమీ అనకుండా తన చోటికి వచ్చి కూర్చుంది. ఇంటికి వెళ్లాక కోడలితో, "అది నా కుట్టు కాదమ్మా" అన్నదట. ఆ తరువాత మంగళవారం కూటానికి రావడం మానేసింది. అడిగినవారితో మోకాళ్ల నొప్పి అని చెబుతోంది.

ఆ సహోదరీలను తప్పుపట్టి కూర్చోబెట్టడానికి మేమిది వ్రాయడం లేదు. వారికీ ఒక వాదన ఉంది, అది తేలికైనది కాదు. దేవుని మందిరానికి ఇచ్చేది మనకున్నవాటిలో శ్రేష్ఠమైనదై ఉండాలి కదా అంటారు వారు. గ్రుడ్డిదానిని, కుంటిదానిని బలికి తెచ్చినవారిని మలాకీ ప్రవక్త గద్దించలేదా అని అడుగుతారు. గద్దించాడు, నిజమే. కాని అదే మొదటి అధ్యాయం చివరిదాకా చదివితే ఆ గద్దింపు ఎవరికో తెలుస్తుంది. మందలో మంచి పోతు ఉండగా దానిని దాచుకుని, లోపమున్నదానిని తెచ్చినవానిని ప్రవక్త వంచకుడు అన్నాడు. చేతిలో ఉన్నదంతా తెచ్చిన బీదవానిని అనలేదు. ఆ తల్లి ఏమీ దాచుకోలేదు. పెట్టెలో నలభై ఏళ్లు దాచిన చీరనే కోసి తెచ్చింది.

మార్కు సువార్తలో బీద విధవరాలు కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన సంగతి మనందరికీ తెలుసు. ఆమె అటు తిరగగానే పెట్టె దగ్గర ఉన్నవాడెవడో, పాపం ఇంత తక్కువ వేసిందే అని జాలిపడి, ఆ రెండు కాసులు తీసేసి వెండి నాణెం వేసి ఆమె పేర వ్రాశాడనుకుందాం. మందిరానికి లాభమే వచ్చింది. ఆమెకు పేరూ వచ్చింది. అయినా ఆమె ఇచ్చినది అక్కడ లేదు. మన తెర మీద జరిగినదీ ఇంతే అని మా అభిప్రాయం.

ఇక రెండవ పక్షం వారున్నారు. వారు, "ఎలా కుడితే ఏమండీ, అందరూ కలిసి కూర్చున్నారు, అదే ఆశీర్వాదం, పని ఎట్లా వచ్చినా ఫరవాలేదు" అంటారు. వినడానికి ప్రేమగా ఉంటుంది. మాకు ఇది కూడా ఒప్పుదల కాదు. పని ఎలా వచ్చినా ఫరవాలేదని ముందే అనుకున్నామంటే, ఆ మనిషి చేతిలో సూది పెట్టింది ఆమె పని కావాలని కాదు, కాసేపు కాలక్షేపం చేయించడానికని అర్థం. పసిపిల్లవాడికి పిండి ముద్ద ఇచ్చి రొట్టె చేయమన్నట్లు. పెద్దవాళ్లకు ఇది తెలియకపోదు. బాగుంది, బాగుంది అని అందరితో ఒకే గొంతుతో అంటే, ఏది బాగుందో వీరు చూడలేదని వారికి వెంటనే అర్థమవుతుంది.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందే రోజుల్లో పని అనుభవం అని ఒక పీరియడు ఉండేది. పిల్లవాడు వేసిన బొమ్మ మీద ఉపాధ్యాయుడు తన పెన్సిలు పెట్టకూడదని అప్పుడు మాకు నేర్పారు. చూపించవలసి వస్తే వేరే కాగితం మీద వేసి చూపించాలి, వాడి కాగితం వాడిదే. దాని విలువ అప్పటికంటే పెద్దవాళ్లతో పని చేసినప్పుడు మాకు బాగా తెలిసింది. పిల్లవాడికి బొమ్మ చెడితే రేపు ఇంకొకటి వేస్తాడు. యాభై ఏళ్ల మనిషి అలా కాదు. మూడో తరగతిలో ఎవరో 'నీకు చేతకాదు, పో' అన్నమాట అతనిలో ఇంకా ఉంటుంది. అందుకే సంఘంలో ఇలాంటి పనికి పిలిస్తే నూటికి తొంభైమంది మొదట అనే మాట, "నాకు రాదండి, చందా ఇస్తాను" అని. ఆ మాట దాటి వచ్చి కూర్చున్న మనిషి పెద్ద మెట్టే ఎక్కినట్లు. అంత దూరం వచ్చినవారి పని రాత్రి విప్పి ఉదయం మార్చి పెట్టడమంటే, మూడో తరగతిలో విన్నమాటను మళ్లీ వినిపించడమే, అదీ మర్యాదగా, ఎదురుగా అనకుండా.

అయితే ఉమ్మడి పనిలో నియమమే వద్దా? కావాలి. ఎక్కడ కావాలో చూడడమే విషయం. నిర్గమకాండము 26వ అధ్యాయంలో గుడారపు పైకప్పుకు మేకవెండ్రుకల తెరలు పదకొండు చేయమని ఉంది. ఒక్కొక్కటి ముప్పది మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు. కలిపే అంచుకు ఏబది కొలుకులు. అన్నిటికీ ఒకే కొలత. ఎందుకంటే ఒక తెర కొలుకులు రెండవ తెర కొలుకులకు ఎదురుగా రాకపోతే గుడారం నిలవదు. మళ్లీ 35వ అధ్యాయానికి వస్తే ఆ మేకవెండ్రుకలను వడికినవారు స్త్రీలు. వారి పేర్లు లేవు గాని, వారు తమ చేతులతో వడికారన్నది మాత్రం ప్రత్యేకంగా వ్రాయబడింది. బెసలేలుకు, అహోలీయాబుకు అన్ని విధాలైన పనితనము ఇచ్చిన దేవుడు, దానితోబాటు ఇతరులకు నేర్పే బుద్ధి కూడా ఇచ్చాడని అదే అధ్యాయంలో ఉంది. ఈ చిన్నమాటను మనం దాటిపోతుంటాము. పనిమంతుడికి వచ్చిన వరము రెండు భాగాలు. బెసలేలు రాత్రివేళ స్త్రీలు వడికిన నూలు విప్పి తానే మళ్లీ వడికినట్లు ఎక్కడా లేదు.

కాబట్టి అతుకు దగ్గర నియమం, నడుమ స్వేచ్ఛ. ఇది మనం కనిపెట్టినది కాదు. మన అమ్మమ్మలు పాత చీరలతో, పంచెలతో బొంత కుట్టేటప్పుడు చేసినదే. నేల మీద పరిచి నాలుగు వైపులా నలుగురు కూర్చుని, అంచు నుంచి నడిమికి కచ్చాకుట్టు వేసుకుంటూ వచ్చేవారు. ఎవరి కుట్టు పొడుగో, ఎవరిది పొట్టో బొంత కప్పుకున్నవాడికి తెలిసేది. అయినా మడతలు జారకుండా అంచు గట్టిగా పట్టాలన్నది అందరికీ ఒకటే మాట.

అమెరికాలో ఇదే పద్ధతి మీద ఎంత పెద్ద పని జరిగిందో చెప్పాలి. ఎయిడ్స్ వ్యాధితో చనిపోయినవారి పేర్లు గుడ్డ మీద కుట్టి ఒకచోట చేర్చాలని సాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన క్లీవ్ జోన్స్ అనే ఆయన తలపెట్టాడు. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో ఆ బొంతను మొదటిసారి పరిచారు. ఆ రోజు 1,920 ముక్కలు. ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అంటే ఇంచుమించు ఒక మనిషి సమాధి అంత. ఎనిమిది ముక్కలను కలిపితే పన్నెండడుగుల చదరం అవుతుంది. కొలత మాత్రం తప్పరాదు. లోపల ఏమి పెట్టాలన్నది ఆ మనిషిని పోగొట్టుకున్నవారి ఇష్టం. చనిపోయినవాని చొక్కా పెట్టినవారున్నారు, ఆటబొమ్మ పెట్టినవారున్నారు. అంతకుముందు ఎన్నడూ సూది పట్టని తండ్రులు, స్నేహితులు కుట్టినవీ అందులో ఉన్నాయి. ఆ రోజుల్లో ఆ వ్యాధి పేరు వింటే శవాన్ని ముట్టడానికి కూడా వెనుదీసినవారు ఉన్నారు. ఆ వ్యాధిని గూర్చి సంఘాలలో అప్పుడు నడిచిన వాదాల జోలికి ఇక్కడ పోము. బిడ్డ పేరు తల్లి తన చేతితో కుట్టుకున్న ముక్కను, అక్షరాలు వంకరగా ఉన్నాయని విప్పడానికి ఎవరికి చేతులొస్తాయి? ఇప్పటికి ఆ ముక్కలు సుమారు 50,000 అయ్యాయి.

అతుకు చెడినా లోకం మునిగిపోదన్నది వేరే సంగతి. 1066లో నార్మన్లు ఇంగ్లాండును జయించిన కథను ఆ శతాబ్దంలోనే నారబట్ట మీద ఉన్నిదారంతో కుట్టారు. బేయో తెర అని దానికి పేరు. పొడవు దాదాపు 70 మీటర్లు. తొమ్మిది ముక్కలు కలిపి ఒకటిగా చేసినది. అందులో మొదటి రెండు ముక్కలు కలిసేచోట పై అంచు గీత ఒకదానికొకటి సరిగా అందలేదు. తరువాతి అతుకులు వెదికితే గాని కనబడవు. మొదటి అతుకుతో పని నేర్చుకుని తరువాతవాటిని జాగ్రత్తగా కలిపారన్నమాట. మొదటిదానిని ఎవరూ విప్పి మాపలేదు. తొమ్మిది వందల ఏళ్లు దాటినా అది అలాగే ఉంది. కుట్టినవారి పేర్లు మాత్రం మనకు ఒక్కటీ మిగలలేదు.

పేర్ల మాట వచ్చింది గనుక నర్సాపురం లేసు సంగతి కూడా చెప్పుకోవాలి. పందొమ్మిదవ శతాబ్దంలో మిషనెరీల చేతి నుంచి ఆ పని మన గోదావరి తల్లుల చేతికి వచ్చింది. యానాంలోని మన పాఠకులకు అది పొరుగు సంగతే. ఒకరు పువ్వు అల్లితే, అలాంటి పువ్వులను వేరొకరు అతుకుతారు. దానిని అతుకుపని అనే అంటారు. ఆ లేసు ఓడలెక్కి దేశదేశాలకు వెళ్లింది. మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు వచ్చి చూసి 1982లో దాని మీద పుస్తకం ప్రచురించారు. రోజూ గంటల తరబడి లేసు అల్లే ఆ స్త్రీలను పనివారుగా కాక, తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులుగా లెక్కవేశారన్నది ఆమె ఎత్తి చూపిన విషయం. కలిసి చేసిన పనిలో చేసినవారు కనబడకుండా పోవడానికి రాత్రిపూట కుట్లు విప్పనక్కరలేదు. లెక్కలో వేయకపోతే చాలు.

నెహెమ్యా 3వ అధ్యాయాన్ని చాలామంది పేర్ల జాబితా అని తిప్పేస్తారు. మేము మాత్రం ఉమ్మడి పనికి పూనుకున్న ప్రతి సంఘమూ దానిని ముందుగా చదవాలంటాము. గోడ కట్టినవారిలో కంసాలి ఉన్నాడు, సుగంధ ద్రవ్యాలు చేసేవాడున్నాడు. వారిద్దరూ తాపీపని నేర్చినవారు కారు. షల్లూము తన కుమార్తెలతో వచ్చి బాగుచేశాడు. ఒకడు తన యింటి కెదురుగా ఉన్న భాగమే కట్టాడు. తెకోవ ఊరి ప్రధానులు వంగి పని చేయడానికి ఒప్పుకోలేదని కూడా దాచకుండా వ్రాశారు. నక్క ఎక్కినా ఈ గోడ పడిపోతుందని టోబీయా ఎగతాళి చేశాడు. గోడ అందంలో ఎగుడుదిగుళ్లు ఉండే ఉంటాయి. ఏబది రెండు దినాలలో పని ముగిసింది. ఎవరి పేరు ఎవరి భాగం పక్కన ఉండాలో అక్కడే ఉంది.

మనవంటి ప్రవాస సంఘాలకు ఇంకొక చిక్కు ఉంది. సోలాపూరులో, బెంగుళూరులో, బరంపురంలో పెరిగిన మన పిల్లలు ఇంటిలో తెలుగు మాట్లాడుతారు గాని, చాలామందికి చదవడం వ్రాయడం రాదు. ఇప్పుడు ఆ పిల్లలే ముప్పై నలభై ఏళ్ల పెద్దవాళ్లు. అటువంటి ఒక యువకుడు, బడిలో కన్నడమే చదువుకున్నవాడు, సంఘపు తెర మీద తెలుగు అక్షరాలు తానే కుడతానని ముందుకు వచ్చాడు. కాగితం మీద వ్రాసి ఇచ్చినదానిని బొమ్మలాగా చూసి కుట్టాడు. విశ్వాసము అన్నచోట శ కింద వ వత్తు పోయి విశాసము అయింది. దానిని ఉంచాలా?

ఉంచకూడదు. ఒరిగిన కంకి కంకే, కాని వత్తు పోయిన మాట ఆ మాట కాదు. తప్పు వేరు, వంకర వేరు. తప్పును దిద్దాలి, అయితే ఎవరు దిద్దాలి, ఎట్లా దిద్దాలి అన్నది మన ప్రశ్న. ఆ సంఘంలో ఒక అక్కగారు అతని పక్కన కూర్చుని, "తమ్ముడూ, ఇక్కడ ఒక వత్తు రావాలి, కాగితం మీద నేను సన్నగా వ్రాసినందువల్ల నీకు కనబడలేదు, చూడు" అని వేరే కాగితం మీద పెద్దగా వ్రాసి చూపించింది. అతనే విప్పి అతనే కుట్టాడు. ఇరుకైన చోట పెట్టినందువల్ల ఆ వత్తు ఇప్పటికీ కొంచెం చిన్నది. ఆ మాట చదివిన ప్రతివారికీ అది కనబడుతుంది. ఆ యువకుడు ఈ వంకతో తెలుగు వాచకం పట్టుకున్నాడు.

పెద్దమనిషికి తన పని గురించిన నిజం తెలుసుకునే హక్కు ఉంది. నిజం చెప్పిన తరువాత నిర్ణయం తీసుకునే హక్కు కూడా ఉంది. కర్ణాటక సంఘంలో ఆ రాత్రి కావలసినది ఒక్క ప్రశ్నే. "అత్తయ్యగారూ, కంకి కొంచెం ఒరిగింది, విప్పి మళ్లీ కుడదామా, ఇట్లాగే ఉండనిద్దామా?" ఆమె మళ్లీ కుడతాననేదేమో. మీరే కుట్టండమ్మా, నాకు కళ్లు ఆనడం లేదు అనేదేమో. గాలికి ఒరిగిన కంకి అలాగే ఉంటుంది, ఉండనివ్వు అనేదేమో. మూడింటిలో ఏది అన్నా ఆ చదరం ఆమెదే అయి ఉండేది. అడగడం కష్టం గనుక అడగలేదు. ఎదుటివారిని నొప్పించకూడదని మనం అనుకునే సందర్భాలలో చాలావరకు, మనకు ఇబ్బంది కలగకూడదన్నదే అసలు సంగతి.

ఇప్పుడా తెరను ఏమి చేయాలని ఆ సంఘం వారు అడిగారు. మళ్లీ విప్పడమేమిటి, గొడవ పెంచడమేమిటి అని కొందరి మాట. మా మాట ఏమంటే, సంఘంలో ప్రకటన చేయవద్దు, క్షమాపణ అని కూటం పెట్టవద్దు. ఆ ఇద్దరు సహోదరీలే ఆమె ఇంటికి వెళ్లి, చేసినది చెప్పి, చదరం ఏమి చేయమంటారని అడగాలి. ఆమె కోప్పడితే వినాలి.

ఇంత చెప్పినా ఒక కష్టం మిగిలే ఉంది. చేయి వణికేవారు, చూపు బొత్తిగా మందగించినవారు ఉన్నారు. వారికి అతుకు దగ్గర కొలత కూడా అందదు. ఎంత నేర్పినా, ఎన్నిసార్లు పక్కన కూర్చున్నా అంచు నిలవదు. వారికి దారం ఎక్కించే పనో, రంగులు ఏరే పనో ఇవ్వవచ్చునని సాధారణంగా అంటారు. ఏ చీర పక్కన ఏ చీర నప్పుతుందో పాతకాలపు కన్ను చెప్పినట్లు వేరెవరూ చెప్పలేరు, నిజమే. కాని ఆ పని వారికి మనమే నిర్ణయించి అప్పగిస్తే మళ్లీ మొదటికి వచ్చినట్లే. కొందరు దానికి సంతోషంగా ఒప్పుకుంటారు. కొందరు ఒప్పుకోరు, నాకూ ఒక చదరం కావాలంటారు. అప్పుడు ఇంకొకరు ఆ చదరం చుట్టూ గట్టి అంచు వేసి, ఆ అంచు కుట్టినది తామని, నడుమనున్నది ఫలానావారిదని తెర వెనుక రెండు పేర్లూ వ్రాయవచ్చు. మేము చూసినంతలో ఇంతకంటె మంచి ఉపాయం దొరకలేదు. మీ సంఘాలలో ఇంకొక మార్గం ఏదైనా చేసి చూసి ఉంటే దయచేసి పత్రికకు వ్రాయండి, వచ్చే సంచికలో వేస్తాము.